గాలి తీసిన చెయ్యి

"ఇంకోసారి చెప్పు. మొదట్నించీ."

"ఇప్పటికి చాలాసార్లు చెప్పాను సార్."

"ఫరవాలేదు, నాకు మతిమరుపు. చెప్పు."

బల్లకి అటువైపు కూర్చున్న జీపు డ్రైవరు కట్టు కట్టిన చేతిని ఒళ్ళో సర్దుకున్నాడు. అతనికి ముప్పై నిండి ఉండవు. రెండు రోజుల్లో పదేళ్ళు మీదపడ్డట్టున్నాడు. డిటెక్టివ్ అతని మొహం చూడకుండా చేతులకేసి చూస్తూ కూర్చున్నాడు. మొహాలు అబద్ధాలు చెప్పడం చిన్నప్పుడే నేర్చుకుంటాయనీ, చేతులకి ఆ చదువు ఆలస్యంగా అబ్బుతుందనీ ఆయన నమ్మకం. పోలీసు ఉద్యోగంలో ఉన్నన్నాళ్ళూ ఆయన్ని తోటివాళ్ళు చాటుగా 'చాదస్తం' అనేవారు. రిటైరయ్యాక ఎదురుగానే అంటున్నారు.

"పువ్వుల తోటలో మందు కొట్టడం మొదలెట్టారని తెలిసింది. మా తేనెటీగల్ని అక్కడుంచితే చచ్చిపోతాయి. మామూలుగా అయితే చల్లపూట మారుస్తాం పెట్టెల్ని. ఈసారి ఎండని చూసుకుంటే కుదరదు. ముందురోజు చీకటి పడ్డాక ఈగలన్నీ లోపలికి చేరనిచ్చి, మూతలు బిగించాం. ట్రైలరుకి ఎత్తించేసరికే తెల్లారిపోయింది. నేను తోలుతున్నా, బావ పక్కన కూర్చున్నాడు."

"ఎడమవైపు."

"జీపులో పక్కసీటు ఎటుంటే అటే కదండీ కూర్చుంటారు! మిట్టమధ్యాహ్నం పెట్రోలు బంకు దగ్గర ఆగాం. బావ నీళ్ళు తాగడానికి దిగాడు. నేను ట్రైలరు టైరు ముట్టుకుంటే పెనంలా కాలిపోతోంది. మీటరు పెట్టి చూశా. టైరు మీద యాభై అని రాసుంది, మీటరు యాభై రెండు చూపించింది. ఎండకి గాలి ఉబ్బి టైరు పగులుతుందేమోనని భయమేసింది. నలభై అయిదుకి దించా. రెండు టైర్లలోనూ."

"ఇన్‌స్పెక్టరు ఎడమదాంట్లోనే తీశావంటున్నాడు. బంకులో పనిచేసేవాడు ఎడమవైపే నిన్ను చూశాట్ట."

"వాడు నుంచున్నదే ఎడమవైపు. అవతలి పక్క గొంతుక్కూర్చుంటే నేనెలా కనిపిస్తాను సార్?"

మాట సూటిగానే ఉంది. చేతులు కూడా కదల్లేదు. డిటెక్టివ్ నిట్టూర్చాడు. నిజం చెప్పేవాణ్ణి కాపాడ్డం అబద్ధాలకోరుని కాపాడ్డం కంటే కష్టం. అబద్ధాలకోరు కనీసం నమ్మేలా చెబుతాడు.

జరిగింది చిన్న సంగతే. బంకు దాటి గంట తిరక్కుండానే ట్రైలరు ఎడమ టైరు పేలింది. తేనెటీగల పెట్టెల బరువుతో ట్రైలరు పక్కకి ఊగి, జీపుని తోకపట్టి ఈడ్చినట్టు రోడ్డు కిందికి ఈడ్చేసింది. బావ అక్కడికక్కడే పోయాడు. డ్రైవరు చెయ్యి విరిగి బతికాడు. బతకడమే నేరమైంది. తేనె వ్యాపారంలో తనకి వాటా కావాలని అంతకుముందు వారమే బావతో గొడవపడ్డాడు, జేబులో గాలి మీటరుంది, గాలి తీశానని తనే ఒప్పుకున్నాడు. ఇన్‌స్పెక్టరుకి ఇంకేం కావాలి? హత్య కేసు రాశాడు. మధ్యాహ్నం మూడింటికి మేజిస్ట్రేటు ముందు పెడతానన్నాడు.

డిటెక్టివ్‌ని పిలిపించింది డ్రైవరు అక్క. పోయినవాడు ఆవిడ మొగుడు, లోపలున్నవాడు తోడబుట్టినవాడు. పొద్దుట్నించీ స్టేషను వరండాలో బెంచీ మీద కూర్చుంది. మొగుడి కోసం ఏడిస్తే తమ్ముడి మీద కోపమనుకుంటారు, తమ్ముడి కోసం ఏడిస్తే మొగుడంటే లెక్కలేదంటారు. అందుకే ఆవిడ ఏడవడం మానేసి, వచ్చేపోయే ప్రతి కానిస్టేబుల్‌నీ "మా వాడు ఏమన్నా తిన్నాడా బాబూ?" అని అడుగుతోంది.

"చూడు బాబూ," అన్నాడు డిటెక్టివ్. "నువ్వు చేసింది హత్య కాదు. తెలివితక్కువ పని. ఆ యాభై అనేది చల్లటి టైరుకి రాసిన లెక్క. పొద్దున బండి కదలకముందు చూసుకోవాలి. బరువుతో ఎండలో పరిగెత్తాక లోపల గాలి పెరగడం మామూలే. పెరిగింది కదా అని తీస్తే టైరు మెత్తబడుతుంది. మెత్తబడితే పక్కలు నలుగుతాయి, నలిగిన కొద్దీ ఇంకా కాలుతుంది. పగలకూడదని నువ్వు చేసిన పనే పగలగొట్టింది."

డ్రైవరు తలొంచుకుని విన్నాడు. తర్వాత నెమ్మదిగా అడిగాడు. "అంటే సార్... బయలుదేరేముందే గాలి తక్కువుంటే కూడా ఇంతేనా?"

"ఇంకా ఘోరం. దారి పొడుగునా నలుగుతూనే ఉంటుంది కదా."

అప్పుడు కదిలాయి చేతులు. బాగున్న చెయ్యి విరిగిన చేతిని గట్టిగా పట్టుకుంది. నొప్పి పుట్టి ఉండాలి, కానీ డ్రైవరు అది గమనించినట్టు లేడు. డిటెక్టివ్ ఇంకేదో అడగబోయేలోగా తలుపు దగ్గర బూట్ల చప్పుడైంది.

"అయిందా గురువుగారూ మీ చాదస్తం?"

ఇన్‌స్పెక్టరు ఒకప్పుడు ఈయన కింద పనిచేసినవాడే. వేలిముద్ర తీయడం కూడా ఈయన దగ్గరే నేర్చుకున్నాడు. నేర్పినవాడి మీద గెలవాలన్న కోరిక మాత్రం ఎవరూ నేర్పకుండానే వచ్చింది.

"కుడి టైరు చూడాలి," అన్నాడు డిటెక్టివ్.

"రండి, చూపిస్తా. చూశాక ఇంటికెళ్ళి హాయిగా పడుకుందురుగాని."

స్టేషను వెనక రేకుల షెడ్డు నీడలో ట్రైలరు ఒక పక్కకి ఒరిగి ఉంది. పగిలిన ఎడమ టైరు పీలికలై ఇనప చక్రానికి వేలాడుతోంది. పెట్టెలన్నీ ఎప్పుడో తీసేసినా, చెక్కలకంటిన తేనె కోసమో, గూడు కోసమో, ఓ పదీ పరకా ఈగలు ఇంకా అక్కడే తిరుగుతున్నాయి. కాపలా కానిస్టేబుల్ మొహానికి తువ్వాలు చుట్టుకుని దూరంగా గోడకి అతుక్కుపోయాడు.

డిటెక్టివ్ జేబులోంచి తన మీటరు తీశాడు. సొంత స్కూటరు టైర్లకి ప్రతి ఉదయం అది పెట్టి చూసుకోవడం ఆయనకలవాటు. ఆ అలవాటు మీద స్టేషన్లో జోకులు ఇప్పటికీ నడుస్తున్నాయి. కుడి టైరు మీద ముందు అరచెయ్యి పెట్టాడు. చల్లగా ఉంది. మూత తీసి మీటరు అదిమాడు.

ముల్లు సరిగ్గా యాభై దగ్గర ఆగింది.

"చూశారా?" అన్నాడు ఇన్‌స్పెక్టరు, పెళ్ళికొడుకులా నవ్వుతూ. "రెండిట్లోనూ తీశానన్నాడు మీ క్లయింటు తమ్ముడు. కుడిదాంట్లో చుక్క గాలి తగ్గలేదు. బావ కూర్చున్న వైపు మాత్రమే తగ్గింది. ఇంక మీరు దీనికేం కథ చెబుతారు?"

డిటెక్టివ్ మీటరు తీసి మళ్ళీ పెట్టాడు. మళ్ళీ యాభై. అయినా పైకి తొణక్కుండా అడిగాడు. "ట్రైలర్ని ఇక్కడికి తెచ్చిందెవరు?"

"క్రేనువాడు. ఎందుకు?"

"పిలిపించు."

క్రేనువాడు గేటు బయటే ఉన్నాడు. బండి లాగినందుకు రావలసిన చీటీ మీద సంతకం కోసం పొద్దుట్నించీ పడిగాపులు పడుతున్నాడు. తనని పిలవగానే సంతకం పెడతారనుకుని హుషారుగా వచ్చాడు.

"కుడి చక్రం మీద లాక్కొచ్చావా దీన్ని?" అన్నాడు డిటెక్టివ్.

"అవునండీ. ఎడమవైపు కొక్కేనికి ఎత్తి కట్టా, కుడి చక్రం మీద నడిపించా."

"టైరు ఎలా ఉంది అప్పుడు?"

"మెత్తగా ఉందండీ. అలా లాగితే టైరూ పోతుంది, చక్రమూ పోతుంది కదా. నా దగ్గర గాలి మిషనుంది. సరిగ్గా యాభై కొట్టాకే కదిలించా. పోలీసోళ్ళ బండి కదా అని ఆ గాలికి డబ్బులు కూడా వెయ్యలేదు సార్," అన్నాడు మెచ్చుకుంటారన్న ఆశతో.

ఇన్‌స్పెక్టరు మొహంలో నవ్వు ఆరిపోయింది. "నిన్నెవడు కొట్టమన్నాడ్రా?"

"తొందరగా లాక్కురమ్మన్నది తమరే కదండీ!"

"కొట్టేముందు ఎంతుందో చూశావా?" డిటెక్టివ్ గొంతులో ఆశ దాగలేదు.

"అది చూడలేదండీ. బొటనవేలితో నొక్కితే తెలిసిపోద్ది కదా, ఇంక చూడ్డమెందుకు?"

అంతే. ఒక మనిషిని వదిలించగలిగిన సాక్ష్యం ఆ టైర్లోనే ఉండేది. దాని మీద మంచిమనసుతో ఇంకో గాలి కొట్టేశాడు మహానుభావుడు. పాత గాలినీ కొత్త గాలినీ విడదీసే కోర్టు ఎక్కడా లేదు. డిటెక్టివ్‌కి అతన్ని తిట్టాలనిపించింది, తిట్టడానికి మాత్రం తప్పేం దొరకలేదు.

"మెత్తగా ఉందన్నాడు కదా," అన్నాడు చివరికి. "రెండిట్లోనూ తీశాడనడానికి అది చాలదూ?"

"బొటనవేలి సాక్ష్యమా? దొర్లినప్పుడు కారిపోయిందంటాడు మా వకీలు. తర్వాత?"

డిటెక్టివ్ మోకాళ్ళ మీద కూర్చుని కుడి టైరు మీద అరచెయ్యి అడ్డంగా పోనిచ్చాడు. నడుమ గీతలు ఇంకా లోతుగా ఉన్నాయి. రెండంచులూ మాత్రం బట్టతలలా నున్నగా అరిగిపోయాయి. వెళ్ళి ఎడమ టైరు పీలికలు చూశాడు. అక్కడా అంతే.

"ఇది ఒక్కరోజు అరుగుదల కాదు. ఈ రెండు టైర్లూ నెలల తరబడి తక్కువ గాలితోనే తిరిగాయి. గాలి నిండుగా ఉన్న టైరు అంచుల్లో ఇలా అరగదు."

ఇన్‌స్పెక్టరు వంగి చూశాడు. అతను మొండివాడే కానీ మొద్దు కాదు. చెయ్యి పెట్టి తడిమి, నెమ్మదిగా లేచాడు. "సరే, ఒప్పుకున్నా. బండి తోలేదెవరు? వాడే. టైర్లు చూసుకునేదెవరు? వాడే. అంటే నెలల తరబడి తీస్తున్నాడన్నమాట, ఏదో ఒకరోజు పేలకపోతుందా అని. కోపంలో చేశాడనుకున్నాను, కాచుకుని చేశాడన్నమాట. థాంక్స్ గురువుగారూ, నా కేసు గట్టిపడింది."

తను పట్టిన కుందేలుకి మూడే కాళ్ళనేవాడితో వాదించవచ్చు. నాలుగో కాలు చూపిస్తే దాన్ని కూడా తన సంచిలోనే వేసుకునేవాణ్ణి ఏం చెయ్యాలి? ఆయన ఏ తాడు విసిరినా అది తిరిగి డ్రైవరు మెడకే చుట్టుకుంటోంది. డిటెక్టివ్‌కి తన చేతకానితనం మీద తనకే కోపమొచ్చింది. రుమాలుతో మెడ తుడుచుకుంటూ ఉండిపోయాడు.

అప్పుడు తట్టింది. యాభై రెండు.

పొద్దున్న యాభై ఉన్న టైరు, అంత బరువుతో, అలాంటి ఎండలో, కొన్ని గంటలు పరిగెత్తాక యాభై రెండు దగ్గర ఎందుకాగుతుంది? అరవై దరిదాపుల్లో ఉండాలి. బాగా వేడెక్కి కూడా యాభై రెండే చూపించిందంటే, ఇంట్లోంచి బయలుదేరేటప్పటికే అందులో గాలి బాగా తక్కువుంది. డ్రైవరు బంకు దగ్గర తీసింది రెండోసారి. మొదటిసారి పొద్దున్నే ఇంకెవరో తీశారు. ప్రతి ప్రయాణానికీ తీస్తున్నారు.

ఆ మాట ఇన్‌స్పెక్టరుతో అనకుండా ఆయన, డ్రైవర్ని తిరిగి పెట్టిన లాకప్ వైపు పరుగులాంటి నడకతో వెళ్ళాడు.

"పొద్దున బయలుదేరేముందు గాలి తీసిందెవరు?"

డ్రైవరు ఈ ప్రశ్న కోసమే కూర్చున్నట్టు వెంటనే అన్నాడు. "నేనే."

"ఎంత తీశావు?"

"తీశాను. ఎంతో గుర్తులేదు."

"నలభై అయిదుకి దించానని బంకు దగ్గర లెక్క చెప్పినవాడివి, ఇంటి దగ్గర లెక్క మర్చిపోయావా? పొద్దున్న నువ్వే తీసుంటే, మధ్యాహ్నం యాభై రెండు చూసి గాలి ఎక్కువైందని ఎందుకు భయపడతావు? నీకు తెలియకుండా ఎవరో తీశారు. ఎవరో చెప్పు, సాయంత్రానికి ఇంట్లో ఉంటావు."

డ్రైవరు కటకటాల దాకా వచ్చాడు. గొంతు తగ్గించాడు. "సార్, మీకు దండం పెడతా, అడక్కండి. మీరు ఇందాక టైరు సంగతి చెప్పినప్పుడే నాకర్థమైంది. నేను ఏ జైల్లో ఉన్నా బతుకుతాను. అది తెలిస్తే తను బతకదు. ఇప్పటికే మొగుడు పోయాడు తనకి."

డిటెక్టివ్ వరండా వైపు చూశాడు.

"అందుకే మీరు షెడ్డుకి వెళ్ళగానే స్టేషను రైటరుని పిలిచి రాయించేశాను," అన్నాడు డ్రైవరు. "కావాలనే చేశానని. సంతకం కూడా పెట్టేశా."

పాఠం చెప్పింది తనే. తక్కువ గాలితో బయలుదేరితే ఇంకా ఘోరమని విడమరిచి చెప్పి, వాడి చేతికి కలం అందించింది తనే. నిజం చెబితే వరండాలో కూర్చున్న మనిషి కూలిపోతుంది. చెప్పకపోతే లోపలున్నవాడు చెయ్యని హత్యకి బలైపోతాడు. ముందు నుయ్యి, వెనక గొయ్యి. ఈ నూతిలోకి ఆయన్ని ఫీజు ఇచ్చి మరీ దింపింది ఆవిడే.

డిటెక్టివ్ వరండాలోకి వచ్చాడు. ఏం చెప్పాలో తేల్చుకోకుండానే వచ్చాడు. ఆవిడ లేచి నిలబడింది.

"ఏమైనా తెలిసిందా అన్నయ్యా?"

"కూర్చోమ్మా. ఒక మాట అడగాలి." ఆయన బెంచీ చివర కూర్చున్నాడు. "ట్రైలరు టైర్లలో మీరేమైనా..."

"గాలి తీస్తాను," అంది ఆవిడ తేలిగ్గా. "ఎప్పుడూ నేనే తీస్తా. గాలి గట్టిగా ఉంటే ట్రైలరు ఎగిరెగిరి పడుతుంది అన్నయ్యా. ఎండకి లోపల మైనం మెత్తబడి ఉంటుందా, ఆ కుదుపుకి తేనెపట్లు విరిగిపోతాయి. తేనె కారి, ఈగలన్నీ అందులోనే మునిగి చస్తాయి. మొదట్లో అలా పెట్టెలకి పెట్టెలే పోయాయి. అప్పట్నించీ బయలుదేరేముందు రెండు టైర్లూ కాస్త మెత్తగా చేసి పంపిస్తా. మా ఆయనకి చెప్తే నవ్వుతాడని చెప్పలేదు. తమ్ముడు ఒకసారి చూశాడు. ఎందుకూ?"

ఆయన నుదురు రుద్దుకున్నాడు. ఆవిడ దాన్ని అలసట అనుకుంది.

"ఇవాళ కూడా అదే పని మీద ఆలస్యమైంది నాకు," అంది. "మిగిలిన పెట్టెలు తోటలోనే ఉండిపోయాయి కదా, మళ్ళీ మందు కొడతారట. మా పెద్దబ్బాయి అద్దె జీపుకి రెండో ట్రైలరు కట్టుకుని పొద్దున్నే బయలుదేరాడు. ఆయన పెంచిన ఈగలు, అవైనా మిగలాలి కదా. మొన్నటిది పగిలిందని నాకు భయమేసి, ఈసారి రెండు టైర్లలోనూ ఇంకాస్త ఎక్కువే తీసి పంపించా."

డిటెక్టివ్ లేచిన వేగానికి బెంచీ వెనక్కి జరిగింది. ఎండ అప్పటికే వరండా మెట్లెక్కింది.

"ఇన్‌స్పెక్టర్!"

కేక విని ఇన్‌స్పెక్టరు చేతిలో ఒప్పుకోలు కాగితంతో బయటికొచ్చాడు. "ఏంటి గురువుగారూ, చూశారా దీన్ని? వాడే..."

"ఆ తోట నుంచి వచ్చే రోడ్డు మీద చెక్‌పోస్టుంది కదా. తేనె పెట్టెల ట్రైలరు వస్తుంది, ఆపించు. వెంటనే. టైర్ల జోలికి పోవద్దని చెప్పు, నీడలో నిలబెట్టమను."

"ఎందుకాపాలి? కారణం చెప్పండి, చెబుతా."

కారణం. డిటెక్టివ్ ఆవిడ వైపు చూశాడు. ఆవిడ ఆయన్నే చూస్తోంది, ఇంకా ఏమీ తెలియని మొహంతో. ఈ ఒక్క మాట ఆవిడకి వినబడకుండా ఉండడం కోసం లోపల ఒకడు తన బతుకంతా రాసిచ్చేశాడు. వినబడకుండా చెప్పే వ్యవధి లేదు.

"ఆ టైర్లలో గాలి తీసేశారు. మొన్నటి ట్రైలరుకి కూడా బయలుదేరేముందే తీశారు. అందుకే పేలింది. ఇదీ పేలుతుంది."

"ఎవరు తీశారు?"

"నేనే," అంది ఆవిడ, అడిగిన ప్రశ్నకి జవాబు చెబుతున్నట్టు. ఆ తర్వాతే ఆ మాట ఆవిడకి అర్థమైంది. "మెత్తగా ఉండాలని... నేనే కదా తీశాను..."

ఇన్‌స్పెక్టరు అప్పటికే వైర్‌లెస్ దగ్గరున్నాడు. కాగితం ఎక్కడో కిందపడింది. ఎవరూ దాన్ని తియ్యలేదు. గరగర శబ్దం మధ్యలోంచి చెక్‌పోస్టు గొంతు వచ్చింది. తేనె పెట్టెల బండా సార్, దాటి కాసేపైంది సార్, కుర్రాడొక్కడే ఉన్నాడు, బాగానే పోతోంది.

"వెంటపడండి! జీపు తియ్యండి!"

"జీపు లేదు సార్. ముద్దాయిని కోర్టుకి తీసుకెళ్ళడానికని పొద్దున్నే తమరు అక్కడికి తెప్పించుకున్నారు కదా సార్."

ఆ జీపు గేటు పక్కన చెట్టునీడలో నిలబెట్టుంది. ఇన్‌స్పెక్టరూ డిటెక్టివూ ఒకేసారి దాని వైపు పరిగెత్తారు. ఎంత తోలినా అందుకోగలిగే దూరం కాదని ఇద్దరికీ తెలుసు. ఇంజను అందుకుంటుండగా డిటెక్టివ్ వరండాలోకి చూసి అరిచాడు. "ఫోన్ చెయ్యమ్మా! బండి నెమ్మదిగా పక్కకి తీసి ఆపమని చెప్పు!"

ఆవిడ అప్పటికే ఫోను చెవి దగ్గర పెట్టుకుని ఉంది. అవతల రింగవుతూనే ఉంది.

"ఎత్తడన్నయ్యా," అంది. "బండి తోలేటప్పుడు ఎవరు చేసినా ఫోనెత్తొద్దని పొద్దున్నే నేను ఒట్టేయించుకున్నాను."